మూడు సెకన్ల దణ్ణం

శిక్షణశాలలో నలభై కుడిచేతులు ఒకేసారి కరెంటు బోర్డు మూతలు తీసి పక్కన పెట్టాయి. నలభై టెస్టర్లు తీగలను తాకి వెనక్కి వచ్చాయి. తర్వాత నలభై చేతులూ బోర్డుకి జానెడు దూరంలో గాలిలో ఆగిపోయాయి. ఒకటి, రెండు, మూడు. అప్పుడు అందరి చిటికెన వేళ్లూ కాస్త పైకి లేచి, చేతులు లోపలికి వెళ్లాయి.

హాలు చివర కుర్చీలో కూర్చున్న వాసంశెట్టి నూకరాజు ఆ మూడు సెకన్లూ కిటికీలోంచి బయటికి చూశాడు. రోజూ అంతే. పని మళ్లీ మొదలయ్యాకే తల ఇటు తిప్పుతాడు.

ఆ చేతులన్నీ ఒక విధంగా ఆయనవే. పంతొమ్మిదేళ్ల కిందట ఆయన చేతుల కదలికను వేలువేలునా పట్టి ‘హస్తస్మృతి’ అనే తొడుగులో నింపారు. మోచేతి దాకా వేసుకునే ఆ పల్చటి తొడుగు నలభై రోజులపాటు కండరాలను నడిపిస్తుంది. నలభై ఒకటో రోజున తీసేసినా చెయ్యి పని మరిచిపోదు. పూర్వం కట్టడాల్లో వైరింగు నేర్చుకోవాలంటే నాలుగేళ్లు మేస్త్రి వెనక నిచ్చెన మోసి, ఆయన తిట్లు తినాల్సి వచ్చేది. ఇప్పుడు నిచ్చెనా లేదు, తిట్లూ లేవు. రాష్ట్రంలో ఏ కొత్త కట్టడంలో చూసినా తీగ లాగేది నూకరాజు చెయ్యే. తొడుగుల సంస్థ ఆయనకి ‘మూలహస్తం’ అని బిరుదిచ్చింది, ఏడాదికోసారి శాలువా కప్పుతుంది. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగిన ఆయన చిటికెన వేలు వంగదు. అందుకని వేళ్లు శుభ్రంగా ఉన్నవాళ్లు కూడా ఊరూరా చిటికెన వేలు ఎత్తే పని చేస్తారు. మొదట్లో అది చూసి ఆయన తెగ నవ్వుకునేవాడు.

ఆ మూడు సెకన్లకి మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. పిల్లలు దానికి ‘మాస్టారి దణ్ణం’ అని పేరు పెట్టుకున్నారు. కరెంటుని ముట్టుకునే ముందు మాస్టారు మనసులో దణ్ణం పెట్టుకుంటారని ఏ బ్యాచిలోనో ఎవరో అన్నారు, తర్వాతి వాళ్లందరూ నమ్మేశారు. కాదని చెప్పడానికి నూకరాజుకి పంతొమ్మిదేళ్లలో నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నం ప్రమాద విచారణాధికారి కమలాక్షి హాల్లోకి వచ్చింది. ఆమె వెనకాల ఏసుబాబు తల దించుకుని నిలబడ్డాడు. కిందటి బ్యాచిలో ఇక్కడే నేర్చుకున్న మనిషి. అదే బ్యాచిలో నేర్చుకున్న జలజతో కలిసి కాకినాడలో ఒక కట్టడం పనిలో చేరాడు. అయిదు రోజుల కిందట ఎనిమిదో అంతస్తు బోర్డులో జలజ చెయ్యి పెట్టబోతుండగా కింద ఏసుబాబు మెయిన్ వేసి కరెంటిచ్చాడు. ఆమె ప్రాణం దక్కింది, కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

“కట్టడంలోని కెమెరాల్లో ఇద్దరి చేతుల కదలికలూ చూశాను,” అంది కమలాక్షి నూకరాజు ఎదురుగా కూర్చుని. “జలజ తప్పేం చెయ్యలేదు. టెస్టరు పెట్టి చూసింది, వెలగలేదు. తర్వాత మూడు సెకన్లు ఆగింది. సరిగ్గా ఆ మూడు సెకన్లలోనే ఇతను మెయిన్ వేశాడు.” ఆమె ఏసుబాబు వైపు తిరిగింది. “ఎందుకు వేశావు?”

“పదకొండు నిమిషాలైపోయిందండి. బోర్డు ఎవరు బిగించినా పదకొండేనండి, చెయ్యి ఒకటే కదండి. ఆవిడదీ అయిపోయుంటదనుకున్నానండి.”

“మూత మరమేకు బిగుసుకుపోయి అది ఊడదీయడానికే ఆమెకి పది నిమిషాల పైన పట్టింది. ఒక్క మాట అడగలేకపోయావా?”

ఏసుబాబు తల ఎత్తకుండానే అన్నాడు, “ఏవని అడగాలండి? అడగడం మాకు నేర్పలేదండి.”

నూకరాజుకి తల తీసేసినట్టయింది.

“మాస్టారూ, మీరే చెప్పాలి,” అంది కమలాక్షి. “ఈ మూడు సెకన్లు దేనికి? సంస్థ వాళ్లని అడిగితే తెలియదన్నారు. అందులో పని ఏమీ లేదు. అది ఏదైనా జాగ్రత్త కోసమైతే సంగతి వేరు. కాకపోతే తప్పు మొత్తం ఇతని మీదే రాయాలి. పనిపట్టా రద్దవుతుంది, మళ్లీ ఏ కట్టడం గడపా తొక్కనివ్వరు.”

ఏసుబాబు తల ఎత్తి మాస్టారిని చూశాడు. నూకరాజు కిటికీ వైపు తిరిగాడు.

“అలవాటండి,” అన్నాడు చివరికి. “దణ్ణం లాంటిది.”

కమలాక్షి రాసుకుంది. ఎల్లుండి తీర్పు వస్తుందని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య మంగతాయారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆయన చెప్పులు విప్పకముందే అడిగింది.

“ఆ పిల్ల చెయ్యి ఎలా ఉందంట?”

“రెండు వేళ్లు తీసేసేరంట.”

“దేనికాగుతారని మిమ్మల్ని అడగలేదా?”

“అడిగేరు.”

“ఏం చెప్పేరు?”

ఆయన కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లాడు. తాయారుకి జవాబు అర్థమైపోయింది. గింజలు పళ్లెంలో పడే చప్పుడు మాత్రం కాస్త పెద్దదైంది.

తొడుగులు రాకముందు పదిహేనేళ్లు వాళ్లిద్దరూ కలిసి పని చేశారు. ఆయన పైన తీగల దగ్గర, ఆమె కింద మెయిన్ దగ్గర. ఆయన మెట్ల సందులోంచి “లైను తీసేవా?” అని కేక పెట్టేవాడు. కింద నుంచి “ఆయ్! తీసేనండీ!” అని వచ్చేది. ఆ ‘ఆయ్’ చెవిన పడనిదే ఆయన చెయ్యి బోర్డు లోపలికి వెళ్లేది కాదు. ఒక్కోసారి జవాబు రాకపోతే ఆ చెయ్యి అలాగే గాలిలో నిలబడి ఉండేది. చెయ్యడం అయ్యాక “వేసుకోవే!” అనేవాడు, అప్పుడే ఆమె మెయిన్ వేసేది. పదిహేనేళ్లలో ఇద్దరిలో ఎవరికీ షాకు తగల్లేదు.

చేతులు నమోదు చెయ్యడానికి హైదరాబాదు పిలిచినప్పుడు ఇద్దరూ కలిసే వెళ్లారు. సంస్థ వాళ్లు చేతులతో పాటు మాటలనీ పట్టే ‘ధ్వనిపొర’ సిద్ధం చేసి ఉంచారు. పొద్దున్న టీ దగ్గర ఎవరో ప్రయాణం బాగా జరిగిందా అని అడిగితే తాయారు “ఆయ్” అంది. పంచదార చాలా అంటే మళ్లీ “ఆయ్” అంది. ఇద్దరు కుర్ర ఇంజనీర్లు మొహమొహాలు చూసుకుని నవ్వారు. అదేం చెడ్డ నవ్వు కాదు. కానీ నూకరాజుకి చచ్చినంత సిగ్గేసింది. భార్య మాటకి సిగ్గేసింది, తన యాసకి సిగ్గేసింది, ఆ అద్దాల గదిలో తను పెట్టబోయే పల్లెటూరి కేక తలుచుకుంటే మరీ సిగ్గేసింది.

“నువ్వు బయట కూర్చో తాయారూ,” అన్నాడు. ఇంజనీర్లతో మాత్రం నెమ్మదిగా, పుస్తకాల తెలుగులో, “ధ్వనిపొర అవసరం లేదండి, ఈ పని చేతులది, నోటిది కాదు,” అన్నాడు. మెయిన్ దగ్గర ఎవరో గుమాస్తాని నిలబెట్టారు. నూకరాజు మూత తీసి తల ఎత్తేవాడు. అద్దం అవతల గుమాస్తా తల ఊపేవాడు. అందుకు మూడు సెకన్లు పట్టేది. తొడుగు ఆయన చూపుని పట్టలేదు, గుమాస్తా తలనీ పట్టలేదు. ఆగిన చేతిని మాత్రం భద్రంగా పట్టుకుంది.

తాయారు ఆ రోజంతా వరండాలో బల్ల మీద కూర్చుంది. దాని గురించి తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకి సులువుగా ఉండేది.

మర్నాడు నూకరాజు జలజని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్లాడు. ఆమె కట్టు కట్టిన చేత్తోనే లేవబోయింది.

“మీరొచ్చేరా మాస్టారండీ! ఎంత శ్రమండీ, నా కోసం మీరు రావడం.”

“పడుకో అమ్మా, లేవకు.”

“తప్పు నాదేనండి,” అంది జలజ. “ఏసుబాబుని ఏమీ అనొద్దని చెప్పండి. ఆ రోజు నా దణ్ణంలోనే లోపం వచ్చుంటదండి.”

“దణ్ణం ఏంటమ్మా?”

“ఆ మూడు సెకన్లూ నేను కళ్లు మూసుకుని మిమ్మల్నే తలుచుకుంటానండి. ఆ రోజు మరమేకు మొరాయించి చిరాకులో ఉన్నానండి. సరిగ్గా తలుచుకోలేదు. అందుకే అలా అయ్యిందనుకుంటన్నాను.”

రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషి, ఆయన దగ్గర తప్పు ఒప్పుకుంటోంది. నూకరాజు తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు. కొంతసేపు వసారాలో గోడకి మొహం పెట్టి నిలబడ్డాడు. అటుగా వెళ్లే నర్సు ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందని చెప్పి, అక్కడి నుంచి తిన్నగా కమలాక్షి ఆఫీసుకి నడిచాడు.

“అది దణ్ణం కాదండి,” అన్నాడు గుమ్మంలోంచే. “జవాబు కోసం ఆగడం. కింద లైను తీశారా అని కేకేసి అడగాలి. తీశానని అవతలివాళ్లు చెప్పాలి. అడగడమూ లేదు, చెప్పడమూ లేదు, ఆగడం ఒక్కటి మిగిలింది. ఆ కేక నేనే తీయించేశాను. ఏసుబాబు అన్నది నిజం, అతనికి అడగడం నేర్పనిది నేను.”

కమలాక్షి కలం పక్కన పెట్టింది. “పంతొమ్మిదేళ్లు ఎందుకు చెప్పలేదు?”

“సిగ్గేసిందండి.”

అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఆమె చూసింది. లేదు.

ఏసుబాబు పనిపట్టా నిలిచింది. వారం తిరక్కుండా సంస్థ ప్రతినిధి నూకరాజు ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, పళ్లు కూడా తెచ్చాడు. ఉపాయం ఆలోచించామన్నాడు. తొడుగుకి ధ్వనిపొర కలుపుతారు, ఇకమీదట పనిలోనూ దాన్ని వేసుకునే ఉంటారు. చెయ్యి ఆగగానే తొడుగే “లైను తీశావా” అంటుంది, మూడో సెకనుకి “ఆయ్, తీశానండి” అని తాయారు గొంతు వినిపిస్తుంది. గొంతు ఒక్క గంట ఇస్తే చాలు.

తాయారు ఓపిగ్గా విని, “మరి లైను ఎవరు తీస్తారండి?” అంది.

“కింద ఉన్న పనివాళ్లు తీస్తారమ్మా.”

“వాళ్లు తీయకపోయినా నేను ఆయ్ అంటానా?”

ప్రతినిధి సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “అంటే… శబ్దం ఎలాగూ వస్తుంది.”

“పదిహేనేళ్లలో మెయిన్ ఫీజు ఊడి నా చేతిలోకి రాకుండా ఒక్కసారి కూడా ఆయ్ అనలేదండి. ఇప్పుడు మీ కోసం అననండి. పళ్లు తీసుకెళ్లండి.”

పక్కనే ఉన్న నూకరాజుకి ఆవిడ మొహం చూసే ధైర్యం చాలలేదు. ఆ రోజు బయట కూర్చోబెట్టింది ఈ మనిషినే.

అందుకని, ఆ కేకని తామే నేర్పడానికి, సోమవారం నాడు శిక్షణశాలలో నలభై మందీ తొడుగులు విప్పి గోడవారగా నిలబడ్డారు. కమలాక్షి వచ్చింది, ఏసుబాబు వచ్చాడు. పక్క గదిలో మెయిన్ దగ్గర తాయారు నిలబడింది. నూకరాజు బోర్డు మూత తీశాడు, టెస్టరు పెట్టాడు. వెలగలేదు. చెయ్యి జానెడు దూరంలో ఆగింది.

“లైను తీశావా?” అన్నాడు.

మూడు సెకన్లు గడిచాయి. అయిదు గడిచాయి. పక్క గదిలోంచి ఏ శబ్దమూ లేదు. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. వాళ్ల ఒంట్లో ఉన్న ఆయన చెయ్యి ఈపాటికి లోపలికి వెళ్లిపోయి ఉండాలి. ముందు వరసలో ఒకమ్మాయి కుడిచెయ్యి తనంతట తానే కాస్త కదిలింది.

తాయారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “నాకేం వినపడలేదండి. గొణుక్కుంటన్నారు. ఇక్కడికే వినపడకపోతే ఎనిమిదో అంతస్తు నుంచి ఏం వినపడుద్ది?” అని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

నూకరాజు చెవులు ఎర్రబడ్డాయి. అరవై ఏళ్లు దాటినా, ఇంత మందికి మాస్టారైనా, ఆ అద్దాల గది ఆయన గొంతులోంచి ఇంకా కదల్లేదు. నలభై జతల కళ్లు ఆయన మీదే ఉన్నాయి. జలజ కట్టు గుర్తొచ్చింది. ఊపిరి తీసుకుని పనిలో పెట్టే అసలు కేక పెట్టాడు.

“ఒసే తాయారూ! లైను తీసేవా?”

“ఆయ్! తీసేనండీ!”

హాలంతా గొల్లున నవ్వింది. ఏసుబాబు ఒక్కడే నవ్వలేదు. నూకరాజు పంతొమ్మిదేళ్ల కిందట భయపడిన నవ్వు అదే, ఇంతకాలానికి వచ్చింది. అది మూడు సెకన్లు కూడా లేదు.

ఆయన చెయ్యి బోర్డు లోపల పెట్టాడు.