గదిలో శబ్దం ఎక్కువగా ఉంది

"ముందు ఎత్తి చూడండి. మన్నికైన సరుకో కాదో బరువే చెబుతుంది," అన్నాడు సౌండు మాస్టారు.

ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇరుకు కొట్లో కూర్చుని పాటలపెట్టెలు విప్పడం, బిగించడం తప్ప ఇంకో పని ఎరగడు. బల్ల మీద రెండు రిసీవర్లు పెట్టాడు. టీవీలోంచి వచ్చే శబ్దాన్ని తీసుకుని, ముందున్న స్పీకర్లకింత, వెనకున్న వాటికింత అని పంచిపెట్టే పెట్టెలవి. ఒకటి నీలం దీపాలతో పెళ్ళికొడుకులా మెరుస్తోంది. రెండోది నల్లగా, మొద్దుగా, అలిగి కూర్చున్న మామగారిలా ఉంది.

కొనడానికి అక్కతో వచ్చిన తమ్ముడు మెరిసేదాన్ని ఎత్తాడు. ఒంటిచేత్తో లేచొచ్చింది.

"చూశారా? డబ్బంతా దీపాలకే పోయింది. రెండో వేసవి దాటదు. ఆ నల్లదాన్ని ఎత్తండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇటుకంత ఉంటుంది. పైనున్న చిల్లుల్లోంచి వేడి బయటికి పోతుంది. వాటిమీద గుడ్డలూ పుస్తకాలూ పడెయ్యకుండా ఉంటే పదేళ్ళు ఢోకా లేదు. పోయినేడాది మోడలు కాబట్టి మీ చేతికి అందే ధరలోనే వస్తుంది."

"దీనిమీద వాట్లు తక్కువ రాశారే?"

"అట్టపెట్టె మీద రాసే వాట్లు, ముసలాళ్ళు చెప్పుకునే కుర్రప్పటి బలం లాంటివి నాయనా. సగం తీసేసి వినాలి."

"నాకు ఉన్నదే సగం చెవి. ఇంక తీసెయ్యడానికేముంది?" అని నవ్వాడు తమ్ముడు. ఇరవయ్యారేళ్ళు రేకులు వంచే యంత్రం పక్కన నిలబడ్డ మనిషి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిచెవికి ఎదురుగా నిలబడి గట్టిగా అన్న మాటే అందుతుంది.

అతని వెనకాల అక్క నిలబడి ఉంది. వీధిలో అందరూ ఆమెని ఆపరేటరమ్మ అంటారు. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసింది. ఎక్కడో ఎవరో హలో అంటే ఇక్కడ పలకడం, ఆ పలుకుతోనే అన్నం తినడం. పెళ్ళీ పెటాకులూ లేవు. తమ్ముడూ మరదలే ఇల్లు, లోకం.

ఇంతలో మాస్టారు వాళ్ళు తెచ్చిన పాత పెట్టె మూత విప్పాడు. కాలిన తీగల కమురు కంపు గుప్పుమంది.

"ఇది దానంతటది పోలేదు, ఎవరో చంపారు," అన్నాడు తాపీగా. "సౌండు చివరిదాకా తిప్పి గంటల తరబడి వాయించారు. ఎవరండీ అది?"

ఆపరేటరమ్మ తన చెప్పుల వంక చూసుకుంది.

"నేనే అయ్యుంటాను. చెవిటివాణ్ణి కదా," అన్నాడు తమ్ముడు.

ఆమె నోరు విప్పితే ఆ ఆదివారం మధ్యాహ్నం మొత్తం బయటికి రావాలి. అమ్మ ఎనిమిది నెలలు లోపలి గదిలో మంచాన పడి ఉంది. నిమిషానికోసారి "పాపాయీ" అని పిలిచేది. అరవై దాటిన కూతుర్ని పాపాయి అనే మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే. వెళ్తే నీళ్ళో, దుప్పటో, లేకపోతే "ఏం లేదే, ఉన్నావో లేదో అని." ఆ ఆదివారం తమ్ముడు ఫ్యాక్టరీకీ, మరదలు ఆసుపత్రి డ్యూటీకీ వెళ్ళారు. ఆ పిలుపు వినలేక ఆమె టీవీలో సినిమా పెట్టి, సౌండు చివరిదాకా తిప్పింది.

సాయంత్రం తమ్ముడొచ్చేసరికి అమ్మ లేదు.

"ఒక్కసారైనా పిలవలేదా అక్కా?"

"లేదురా. నిద్రలోనే వెళ్ళిపోయింది."

ఆ మాటని అతను దేవుడిచ్చిన వరంలా దాచుకున్నాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు: మా అమ్మ అదృష్టవంతురాలు, మా అక్క పక్కనే ఉంది, నిద్రలో పోయింది. ఐదు నెలలుగా అతను ఆ మాట పట్టుకునే బతుకుతున్నాడు. అది అబద్ధమని తెలిసిన రోజున ఈ లోకంలో తనని అక్కా అని పిలిచే ఆ ఒక్క గొంతూ ఉండదు. ఆమె భయమంతా అదే.

నల్లపెట్టెనే కొన్నారు.

* * *

పెట్టెతో పాటు బొటనవేలంత మైకు ఒకటి ఇచ్చారు. మనం కూర్చునే చోట, చెవి ఎత్తులో దాన్ని పెడితే, పెట్టె ఒక్కో స్పీకర్లోంచి ఒక్కో శబ్దం వదిలి, ఏ స్పీకరు ఎంత దూరంలో ఉందో తనే లెక్క కట్టుకుంటుందట. ఆ కాసేపూ గదిలో చీమ చిటుక్కుమనకూడదు.

ముందుగదిలో టీవీ, దానికింద నడి స్పీకరు, అటూ ఇటూ రెండు. తొమ్మిదడుగుల దూరంలో సోఫా. సోఫా వెనక ఆరడుగులు ఖాళీ, ఆ తర్వాత లోపలిగది గడప. ఆ గడపకి చెరోవైపు పీటల మీద వెనక స్పీకర్లు రెండు. లోపలిగదిలో మంచం తీసేశారు. నొప్పులకి రాసే తైలం వాసన మాత్రం గోడల్ని వదల్లేదు.

సోఫా మీద దిండ్లు పేర్చి మైకు పెట్టారు. కిటికీలు మూశారు. ఫ్యాను ఆపారు. తమ్ముడు మీట నొక్కాడు.

టీవీ తెరమీద ఇంగ్లీషులో అక్షరాలొచ్చాయి. మరదలు చదివి చెప్పింది. "గదిలో శబ్దం ఎక్కువగా ఉంది. నిశ్శబ్దంగా ఉంచి మళ్ళీ ప్రయత్నించండి."

"ఏం శబ్దం? నాకేం వినపళ్ళేదే," అన్నాడు తమ్ముడు.

"ఈయన సాక్ష్యం ఒకటి," అంది మరదలు. "చెవిటివాణ్ణి అడిగి శంఖం కొన్నట్టుంది మన బేరం."

ఫ్రిజ్ ఆపారు. గోడగడియారంలో సెల్లు తీసేశారు. మళ్ళీ నొక్కారు.

గదిలో శబ్దం ఎక్కువగా ఉంది.

మధ్యాహ్నం మూడు. మూసిన కిటికీల వెనక గది ఉడికిపోతోంది. ఆపరేటరమ్మ తన చెవులతో గదిని వెతికింది. ముప్పయ్యొక్క ఏళ్ళు వేల గొంతుల్ని విడదీసిన చెవులవి. ఏమీ లేదు. నలుసంత శబ్దం కూడా లేదు. ఆ లేకపోవడమే ఎక్కడో విన్నట్టుంది.

తమ్ముడు మాస్టారుకి ఫోను కలిపి అక్క చేతికిచ్చాడు. "నాకు ఫోనులో మాట అందదు. నువ్వే అడుగు."

"ఫ్యాను ఆపారామ్మా?"

"ఆపాం."

"ఫ్రిజ్జూ, గడియారం?"

"అవీ ఆపాం."

"మరింకేం, ఆ పెద్దావిణ్ణి కూడా కాసేపు ఊరుకోమనండి."

"ఏ పెద్దావిడ?" అంది గొంతు తగ్గించి.

"మీ వెనకాలే కదమ్మా, 'పాపాయీ, పాపాయీ' అని ఒకటే పిలుపు. ఆ పాప ఎక్కడుందో గానీ పలకమనండి తల్లీ. పాపం, గొంతు ఆర్చుకుపోతోంది ఆవిడకి."

ఆ ఇంట్లో పాపలు లేరు.

"ఏమంటున్నాడక్కా?"

తమ్ముడు ఆశగా మొహంలోకి చూస్తున్నాడు. ఆ ఆదివారం సాయంత్రం కూడా ఇలాగే చూశాడు.

"ఏం లేదురా," అంది. "ఇంకోసారి నొక్కి చూడమంటున్నాడు. మీరిద్దరూ బయట నిలబడండి. నేను నొక్కుతాను."

తలుపు మూసుకుంది. ఆమె ఒక్కతే. దేవుణ్ణి తలుచుకోబోయింది. పిలిస్తే పలికే తండ్రీ, అని ఎప్పుడూ మొదలుపెట్టే మాటే. పిలిస్తే... అన్నచోట నాలుక ఆగిపోయింది.

తైలం వాసన. ఇందాకటి కంటే దగ్గరగా.

వెనక్కి తిరగలేదు. తిరగకుండానే, పెదవులు మాత్రం కదిపి అంది.

"ఉన్నానమ్మా."

మీట నొక్కింది. ఈసారి తెర ఏమీ అనలేదు. ఎడమ స్పీకర్లోంచి టుక్... నడి స్పీకర్లోంచి టుక్... కుడివైపు టుక్... వెనక ఎడమ... వెనక కుడి...

ఆపైన ఇంకొకటి. వెనకనే. రెండు పీటలకీ నడుమ, నేలబారున. అక్కడ స్పీకరు లేదు. గోటితో గచ్చు మీద తట్టినట్టు.

టుక్.

* * *

"దీనికి మతి పోయిందా?" తమ్ముడు తెరమీది అంకెలు చూసి నవ్వాడు. "నడి స్పీకరు పదిహేనడుగులట. వెనకవి రెండేసి అడుగులట. మైకు సోఫాలో ఉంటే, ఇది మనం గడప మీద కూర్చుని వింటున్నామనుకుంటోంది."

"గడప మీద ఎవరు కూర్చుంటారు," అంది మరదలు. "పడి ఉంటే తప్ప." అని ఒక్క క్షణం వదినగారి మొహంలోకి చూసి, చూపు తిప్పుకుంది. అత్తగారికి ఆఖరి స్నానం చేయించింది ఆమే. నర్సు కళ్ళు. ఆ రోజు అడిగింది కూడా, "అత్తయ్య మోచేతులు ఇలా గీరుకుపోయాయేం వదినా?" అని. "మంచం కోడు తగిలింది," అంది ఆపరేటరమ్మ. మరదలు మళ్ళీ అడగలేదు.

కోడు తగల్లేదు.

ఆ మధ్యాహ్నం పెట్టె కమిలి, పొగలొచ్చి, సౌండు ఠక్కున ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. నలుసంత శబ్దం లేదు. ఎందుకు లేదా అని అప్పుడు వెనక్కి తిరిగింది. అమ్మ గడప మీద ఉంది. మంచం మీంచి జారి, మోచేతుల మీద పాక్కుంటూ అంతదూరం వచ్చింది. ఒక చెయ్యి సోఫా వైపు చాచి ఉంది. నోరు ఇంకా పిలుపులోనే ఉంది. తన వీపుకి ఆరడుగుల దూరం. ఎంతసేపు అక్కడ ఉండి పిలిచిందో దేవుడికే తెలియాలి.

ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది. మోచేతులు తుడిచింది. జుట్టు దువ్వింది. నోరు మూయడానికే చాలాసేపు పట్టింది.

ఆ చోటు ఏదో ఆమెకొక్కతికే తెలుసు అనుకుంది. ఇప్పుడు ఈ పెట్టెకీ తెలుసు.

తమ్ముడు చేత్తో అంకెలు మార్చి, సోఫాకి సరిపోయేట్టు నడి స్పీకరుకి తొమ్మిది పెట్టాడు. మర్నాడు ఆమె చూస్తే మళ్ళీ పదిహేను. దిద్దాడు. తర్వాతి ఆదివారానికి పద్నాలుగు.

ఆ పై వారం పదమూడు.

మైకు అట్టపెట్టెలో పెట్టి అటక మీద పడేశారు. ఎవరూ కొలవడం లేదు. అయినా అంకె మారుతోంది. వారానికో అడుగు. పాకే మనిషికి అంతే పడుతుంది మరి.

"మాస్టారుకి తిరిగిచ్చేద్దాంరా," అంది ఒకరోజు.

"ఎందుకక్కా? సౌండు బంగారంలా ఉంది. నాకే మాటలు తెలుస్తున్నాయంటే చూడు. పదేళ్ళు ఢోకా లేదన్నాడుగా."

"అంకెలు తప్పు చూపిస్తోంది కదా."

"అంకెలతో మనకేం పని? నువ్వూ ఇలా వచ్చి కూర్చో. అమ్మ పోయాక ఈ గదిలో కూర్చోవడమే మానేశావు. అమ్మ పక్కన అన్ని నెలలు కూర్చున్నదానివి, నా పక్కన ఒక్క గంట కూర్చోలేవా?"

ఆ మాట ఎవరైనా దెప్పడానికి అని ఉంటే బాగుండేది. అతను ప్రేమగా అన్నాడు.

పన్నెండు. పదకొండు.

* * *

ఆ పై ఆదివారం మరదలికి డ్యూటీ పడింది. అన్నం తిన్నాక తమ్ముడు కిటికీ తెరలు దించి సినిమా పెట్టాడు. అక్కని చెయ్యి పట్టుకుని తెచ్చి సోఫాలో కూర్చోబెట్టాడు. సినిమా మొదలయ్యే ముందు ఆమె అంకె చూసింది.

పది.

సోఫా వీపు దాకా.

తెరమీద ఎవరో నవ్వుతున్నారు. ఎవరో పరుగెడుతున్నారు. ఆమె మెడ వెనకే... తైలం వాసన... తడిగా, వెచ్చగా... ఎవరో చాలాసేపు మాట్లాడి అలిసిపోయిన నోటిలోంచి వచ్చే ఊపిరిలా.

సౌండు తగ్గడం మొదలైంది.

తెరమీద మూల ఒక అంకె. నలభై. ముప్పయ్యెనిమిది. ముప్పయ్యైదు.

"తగ్గిస్తావేంటక్కా?" అన్నాడు తమ్ముడు.

రిమోటు టీవీ కింద బల్లమీద ఉంది. ఇద్దరికీ అందనంత దూరంలో.

ఇరవై. పన్నెండు. ఆరు. తెరమీద మనుషుల పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

సున్నా.

ఇల్లంతా నిశ్శబ్దం. ఆపరేటరమ్మ రెండు చెవులూ రిక్కించింది. ఏమీ లేదు. ఈసారి వినాలనే ఉంది ఆమెకి. తల్లీ, నన్ను పిలువు, నాతో చెప్పు, వాడితో కాదు... అనుకుంది. ఏమీ వినపడలేదు.

"ఆఁ?" అన్నాడు తమ్ముడు.

వెనకనుంచి కేకేసినా తిరిగి చూడని మనిషి, తల తిప్పాడు.

"ఏమ్మా?"

సోఫా వీపు మీద మోచెయ్యి ఆన్చి, కుడిచెవి వెనకవైపుకి వంచాడు. ఇంకా కిందికి వంచాడు. నేల మీద ఉన్నవాళ్ళు మాట్లాడితే వినడానికి వంగినట్టు.

"ఊఁ," అన్నాడు మెల్లిగా. "ఊఁ... ఊఁ."

విన్నాడు. చాలాసేపు విన్నాడు. ఆమె అతని మొహం చూడలేక తెర వైపు చూస్తూ కూర్చుంది. అతను నిటారుగా లేచి కూర్చున్న అలికిడి తెలిసింది. ఇటు తిరగడం తెలిసింది. అక్కా అని పిలుస్తాడేమోనని ఎదురుచూసింది.

పిలవలేదు.

సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. మీట నొక్కినవాళ్ళు లేరు. మైకు అటక మీద, అట్టపెట్టెలో ఉంది. టీవీ తెరమీద బొమ్మ చెదిరిపోయి, ఆ పాత అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

గదిలో శబ్దం ఎక్కువగా ఉంది.