జనగామ మారుతాళం

“పటం పోయింది.”

కారు వెనక సీట్లో నిఘా శాఖ చీఫ్ వెంకట్రాం అన్నది ఆ రెండు మాటలే. ముందు సీట్లోని గూఢచారి జైపాల్ వెనక్కి తిరిగాడు.

పోయింది జనగామలోని రాష్ట్ర పత్రభాండాగారం శాఖ నుంచి. నిజాం కాలపు సర్వే పటం. భూపాలపల్లి అడవి కింద మూసేసిన పాత బొగ్గుబావుల దారులన్నీ అందులో ఉన్నాయి. ఒక దారి ఇప్పుడు నడుస్తున్న బావి కిందికే పోతుంది. విదేశీ ముఠా అక్కడ బాంబు పెడితే, ఒక్క షిఫ్టులో నాలుగు వందల ప్రాణాలు.

“యమున వాళ్లకు నకిలీ పటం కదా సార్ ఇవ్వాల్సింది?”

“అసలుదే తీసింది. మనకు ఏజెంటు, వాళ్లకూ ఏజెంటే.”

చిరిగిన పత్రాలు బాగుచేసే కన్జర్వేటర్ యమున. నల్ల కళ్లద్దాలు, తొణకని నవ్వు. అసలు పటం చూసి నకిలీ గీయడానికని ఆమె చేతికి రికార్డు గది మారుతాళం ఇచ్చింది జైపాలే.

అసలు తాళంచెవి అటెండర్ కట్టయ్యది. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. పాత భూమి కాగితాల నకళ్ల కోసం తండాల నుంచి వచ్చేవాళ్లకు తానే చదివి చెప్పేవాడు. మూడు వారాల కింద జైపాల్ వేరే పేరుతో, పీహెచ్‌డీ స్కాలర్ వేషంలో అక్కడికి వెళ్లాడు. మాది గంగారం పక్క తండా, మా తాత పేరు వాల్యా అనగానే కట్టయ్య లోపలికి పోయి, అడగకుండానే ఒక రిజిస్టరు మోసుకొచ్చాడు.

“గిది చూడు బిడ్డా. వాల్యా అంటే మీ తాతేనా?”

తాత పేరు కాగితం మీద చూడటం జైపాల్‌కు అదే మొదలు. ఉర్దూ అక్షరాల మీద ఆ ముసలి వేలు మెల్లగా జరుగుతుంటే, అతను బల్ల కింద అగ్గిపెట్టెంత స్కానర్‌లో, ఆయన రిజిస్టరు పక్కన పెట్టిన తాళంచెవి పెట్టాడు. మూడు సెకన్ల పని.

“కట్టయ్య ఎక్కడున్నాడు సార్?”

“పోలీసుల దగ్గర. తాళం ఆయనదే కదా.”

“నిజం చెప్పేద్దాం.”

“మిషన్ అయ్యేదాకా నోరు మెదపొద్దు. పదకొండు నలభైకి మహబూబాబాద్ స్టేషన్‌లో పటం చేతులు మారుతుంది. కొరియర్ ముఖం యమునకు తెలీదు. కోడ్ మాటే గుర్తు, అది మనకు దొరికింది.”

పదకొండున్నరకు జైపాల్ ధోవతి, అతికించిన మీసం, భుజాన మిర్చి సంచితో ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. మబ్బు తునక లేని ఆకాశం కింద, ఆకుపచ్చ పట్టుచీరలో యమున పొడుగాటి గొడుగు పట్టుకుని నిలబడింది.

“అక్కా, గీ బండి గార్లల ఆగుతదా?”

“వానపడితే ఆగుతుంది.”

గొడుగు చేయి మారుతుండగా రైలొచ్చింది. ఏసీ బోగీలోంచి దిగిన విదేశీయుడు నేరుగా ఆమె దగ్గరికొచ్చి, తడబడుతూ అదే ప్రశ్న అడిగాడు.

యమున చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. పిస్టల్ బయటికొచ్చేలోపే జైపాల్ సంచి మూతి లాగి విసిరాడు. ఎర్రటి కారం పొడి. ఆమె కళ్లు మూసుకుని కూలబడింది. కొరియర్ దగ్గుతూనే గొడుగు లాక్కుని, కదులుతున్న రైలెక్కాడు. జైపాల్ పరిగెత్తి గొడుగు కొస పట్టుకున్నాడు. ప్లాట్‌ఫాం అయిపోతుండగా గుడ్డ చిరిగి, చుట్టిన పటం అతని చేతికొచ్చింది. కొరియర్‌ను డోర్నకల్‌లో పోలీసులు దింపి పట్టుకున్నారు.

బేడీలు వేస్తుంటే యమున ఎర్రబడ్డ కళ్లతో చూసింది.

“ముసలాయనను లోపల వేయించింది నేను కాదు జైపాల్. తాళం తెచ్చింది నువ్వు.”

జైపాల్ పటం తీసుకుని చీఫ్ కారెక్కాడు.

“సాక్ష్యం లేదని కట్టయ్యను వదిలేస్తారు. మన పేరు బయటికి రాదు,” అన్నాడు వెంకట్రాం.

“ఆయనకు వచ్చిన దొంగ అనే పేరు?”

ఆ సాయంత్రమే జైపాల్ తన పేరుతో స్టేట్‌మెంట్ రాసి పోలీసులకిచ్చాడు. గూఢచారిగా అతని పని అక్కడితో సరి.

మర్నాడు, విడుదలై వచ్చిన కట్టయ్య ఇంటి గడప బయట నిలబడి జరిగిందంతా చెప్పాడు. కట్టయ్య చివరిదాకా విన్నాడు.

“నీ తాత పేరు దొరికిననాడు నేను ఇంటికొచ్చి మా ఆమెకు చెప్పుకున్న. గంత సంబురమైంది నాకు. పొమ్మని అనను. కూసోమని గూడ అనను.”

జైపాల్ గడప బయటి నుంచే వెనక్కి తిరిగాడు.

నిఘా శాఖ అతన్ని తన పాత ఫైళ్ల గదికి బదిలీ చేసింది. మొదటి వారంలోనే కాగితాలకు పురుగు పట్టింది. ఎవరినడగాలో తెలీక కట్టయ్యకు ఫోన్ చేశాడు.

“బాపూ, నేను జైపాల్‌ను. కాగితాలకు పురుగు పట్టింది. ఏం చెయ్యాలె?”



“ఎండిన వేపాకు పెట్టు. పచ్చిది పెడితే బూజు పడ్తది.” ఫోన్ పెట్టేశాడు.

పన్నెండేళ్ల సర్వీసులో జైపాల్ తన సొంత పేరుతో సేకరించిన మొదటి సమాచారం అదే.