క్యారేజీలో పొట్లం

"ఏ బిళ్ళలూ మింగలేదండి," అంది అచ్చాయమ్మ మూడోసారి.

డాక్టర్ శ్రీదివ్య రిపోర్టు మడిచింది. నిన్న మధ్యాహ్నం రొయ్యల షెడ్డులో పడిపోయి భీమవరం ఆసుపత్రికి వచ్చిన మనిషి. పాదాలు నొక్కితే గుంటలు పడుతున్నాయి. మూత్రం సరిగా రావడం లేదు. కిడ్నీలు పావు వంతు కూడా పనిచేయడం లేదు.

"చూడండమ్మా, నొప్పి బిళ్ళల వల్లయితే ఇవాళే ఆపేస్తే కిడ్నీలు కోలుకోవచ్చు. కాకపోతే విజయవాడ పంపాలి, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. నిజం మీరే చెప్పాలి."

"బిళ్ళలు కాదండి, ఉప్పు!" మంచం పక్కనుంచి ఆమె భర్త గంగయ్య అందుకున్నాడు. "మా కోడలు పులుసులో ఉప్పు గుమ్మరిస్తుందండి. మొత్తుకుంటూనే ఉన్నాను."

"ఆ పులుసు మీరూ తిన్నారుగా మావయ్యగారూ! మీ కాళ్ళు బాగానే ఉన్నాయే," అంది కోడలు వీరదుర్గ.

"నోరు చూశారాండి! మావాడు చేపల వేటకెళ్ళాడు గానీ, ఇక్కడుంటే..."

"ఉంటే ఆయనా ఇదే అడుగుతారు."

నడుం పట్టేసి గంగయ్య వేట మానేసి మూడేళ్ళయింది. ఇంటి దగ్గరే కూర్చుని వలలు బాగుచేస్తాడు. అప్పటినుంచి అచ్చాయమ్మ షెడ్డుకు వెళుతోంది. ఐసులో చేతులు పెట్టి, రోజంతా నిలబడి రొయ్యల తలలు తీయాలి. ఒక రోజు రాకపోతే మర్నాడు ఆ చోట ఇంకొకరు నిలబడతారు.

వీరదుర్గ సంచిలోంచి అత్త క్యారేజీ తీసింది. నిన్న తోటి ఆడవాళ్ళు మనిషితో పాటు దాన్నీ ఆటోలో పెట్టి పంపారు. మూత తీయగానే పాచి అన్నం వాసన. అడుగు గిన్నెలో చిన్న ప్లాస్టిక్ పొట్లం, అందులో రెండు బిళ్ళలు.

"ఇదేంటత్తయ్యా?"

అచ్చాయమ్మ కళ్ళు మూసుకుంది. "షెడ్డులో ఎవరో ఇచ్చారే."

"ఎవరు? పేరు చెప్పండి," అంది డాక్టర్.

"గుర్తులేదమ్మా."

"సూపర్‌వైజర్ చంద్రరావే అయ్యుంటాడు! పని ఆగకూడదని వాడే..." గంగయ్య గొంతు పెంచాడు.

"ఆయన్నెందుకంటావు? పాపం, నిన్న ఆటో పిలిపించిందే ఆయన," అంది అచ్చాయమ్మ.

వీరదుర్గ పొట్లాన్ని కిటికీ వెలుతురులో పట్టింది. మూతికి ఆకుపచ్చ నైలాన్ దారం. వల కన్నుకు వేసే ముడి, లాగేకొద్దీ బిగుసుకునేది. పెళ్ళయిన కొత్తలో అది తనకు నేర్పబోయి గంగయ్యే విసుక్కున్నాడు. ఇంట్లో ఆ ముడి వేసేది ఇద్దరే. తన భర్త పది రోజులుగా సముద్రం మీదున్నాడు.

పొట్లం తెచ్చి మామ చేతిలో పెట్టింది.

"కాస్త విప్పండి మావయ్యగారూ. నాకు రావట్లేదు."

గంగయ్య వేళ్ళు సరైన కొస పట్టుకుని ఒక్క లాగుతో ముడి విప్పేశాయి. అప్పుడు చూసుకున్నాడు తన చేతుల్ని.

"ఆయన్నేమీ అనకండి డాక్టరమ్మా," అంది అచ్చాయమ్మ. "నా చేతులు వంకర్లు పోతుంటే చూడలేకే..."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళ పైనేనండి. రోజుకు రెండు," అన్నాడు గంగయ్య. "మందుల షాపులో అడిగి తెచ్చేవాణ్ణి. ఇల్లు నడుపుతోంది అదే కదా. నావల్లయ్యేది ఇదొక్కటే అనుకున్నాను. మందేగా, మేలే చేస్తుందనుకున్నాను."

డాక్టర్ ఆ మాట కేసు షీటులో రాసుకుని నర్సును పిలిచింది.

గంగయ్య కోడలి వైపు తిరిగాడు. కళ్ళు ఎత్తలేకపోయాడు.

"ఉప్పు కాదమ్మా దుర్గా. నేనే."