మామ్మగారి మంచిమాట

మెడికల్ కాలేజీలో సీటు వచ్చినవాళ్ల పూర్వాపరాలు ఆరా తీసే గది, ఆఫీసు భవనం చిట్టచివర, మెట్ల కింద ఉంది. బయట ముసురు. సాయంత్రం కాకుండానే చీకటి కమ్ముకొచ్చింది. బల్ల అవతల మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటూ, కాసేపట్లో నీ పనైపోతుంది కూర్చోమ్మా అంది. చిట్టి కూర్చుంది. తోడు వచ్చిన అన్నయ్య వరండాలో బెంచీ మీద ఉన్నాడు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. మీమీద ఎప్పుడైనా కేసు నడిచిందా, కోర్టు దాన్ని చెరిపేసినా సరే చెప్పి తీరాలి అని. వకీలేమో, మైనరుగా ఉన్నప్పటి కేసు, చెరిపించేశాను, ఇక నీకు ఆ కేసే లేదు పో అన్నాడు. ఎక్కడైనా చెల్లే మాటే అది, వైద్యం చదువు దగ్గర తప్ప. ఆ తేడా ఇంట్లో ఎవరి బుర్రకీ ఎక్కలేదు. చిట్టికి ఎక్కింది. ఎక్కినా ‘లేదు’ అనే రాసింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్లకి డాక్టర్ కావడం తప్ప ఇంకో ధ్యాస లేదు మరి.

చేసింది ఆషామాషీ పనేం కాదు. స్కూలు చివరి ఏడాది, పక్కవీధి మామ్మగారికి రాత్రిళ్లు తోడు పడుకోడానికి ఒప్పుకుంది. మామ్మగారికి ఎముకల్లో క్యాన్సర్. నొప్పికి గట్టి మాత్రలు ఇచ్చారు. పరీక్షల బెంగతో నిద్ర పట్టక చిట్టి ఒకటి మింగి చూసింది. ఒళ్లు తేలిపోయింది. ఇంకేముంది, మరిగింది. సీసాలో లోటు కనపడకుండా అదే రంగు బలం మాత్రలు పోసేది. మామ్మగారు వాటినే బుద్ధిగా వేసుకుని, నొప్పి తగ్గక, రాత్రంతా గోడమీద వేలితో టక్... టక్... మని కొట్టి పిలిచేవారు. చిట్టి చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేది. సంగతి బయటపడి కేసయ్యేసరికి మామ్మగారు పోయారు.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని నవ్వింది. "పోలీసుల దగ్గర నీమీద ఏమీ లేదమ్మా. నువ్వు సేవ చేసినవాళ్లని కూడా మేం నీ గురించి అడుగుతాం. మాకు ఆ శ్రమ లేకుండా పోయింది. పొద్దున ఆవిడే ఫోన్ చేశారు."

"ఎవరు మేడమ్?"

"మీ మామ్మగారు. రాత్రంతా నన్ను కనిపెట్టుకుని ఉండేది, అలాంటి పిల్ల దొరకదు అన్నారు."

ఎవరో కావాలని తనని ఆటపట్టిస్తున్నారని చిట్టి అనుకుంది. గొంతు ఎలా ఉందని అడిగింది. నీరసంగా ఉందట. మాటమాటకీ ఆగి ఊపిరి తీసుకున్నారట. లైను బాగాలేదేమో, మధ్యమధ్య ఏదో కొడుతున్న చప్పుడు కూడా వచ్చిందట.

అప్పుడు తగిలింది వాసన. నొప్పుల తైలం, మాసిన దుప్పటి కలిసిన వాసన. ఇందాక లేదు. చిట్టి వెనకనున్న చెక్కగోడ అవతల...

టక్.

మేడమ్ తలెత్తలేదు. వాన చూరు మీంచి కారుతున్నట్టుంది అంది.

టక్... టక్...

చూరు నీళ్లు ఆగి ఆగి పిలవవు. చిట్టికి కళ్లనీళ్లు వచ్చేశాయి. సీటు పోతే పోనీ అనుకుంది. ఆ మాట అనుకోగానే గుండెలో ఏదో తెగినట్టు నొప్పి పుట్టింది, అయినా నోరు తెరిచింది. మాత్రలు, దూది, కేసు, రాసిన అబద్ధం, అన్నీ వరసగా చెప్పేసింది. మేడమ్ శ్రద్ధగా వింది. విని, చిట్టి చెయ్యి నిమిరింది.

"ఇలా అంటావని ఆవిడ చెప్పారమ్మా. నా నొప్పంతా తనవల్లేనని కుమిలిపోతుంది, నమ్మకండి, సీటు మాత్రం ఆపకండి అన్నారు."

"ఆవిడ బతికి లేరు మేడమ్."

మేడమ్ జాలిగా చూసింది. కోర్టుకి ఫోన్ చెయ్యండని చిట్టి కాళ్లావేళ్లా పడింది. పోనీ పాపమని మేడమ్ చేసింది. అలాంటి కేసేదీ ఎన్నడూ లేదన్నారు అవతలివాళ్లు. వకీలు ఎంత శుభ్రంగా చెరిపించాడో చిట్టికి ఇప్పుడు తెలిసింది. ఇక నిజం చెప్పినా నమ్మేవాళ్లు లేరు.

మేడమ్ ముద్ర వేసి కాగితం చేతికిచ్చింది. "ఇంకో మాట కూడా అన్నారు. చిట్టి డాక్టరయ్యేదాకా ఈ నొప్పి ఓర్చుకుంటాను, మొదటి రోగిని నేనే అని. నాకెంత ముచ్చటేసిందో."

చెవి వెనక ఎవరో ఆగి ఆగి ఊపిరి తీసుకున్నారు. చల్లగా తగిలింది. చిట్టి వెనక్కి తిరగలేదు... తిరగలేకపోయింది. కాగితం పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది.

అన్నయ్య ఆ ముద్ర చూశాడు. ఇంటికల్లా మొదటి డాక్టర్‌వి నువ్వేనంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ మొహం చూశాక చిట్టి కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

ఇద్దరూ కారు దగ్గరికి నడిచారు. చిట్టి పూర్తిగా తడిసిపోయింది. అన్నయ్య గొడుగు తనమీద గానీ చెల్లెలిమీద గానీ పట్టలేదు. పక్కకి పట్టి, అడుగులో అడుగు వేస్తూ వస్తున్నాడు. కారు వెనక తలుపు తీసి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"తొందరేం లేదండీ. కాలు మెల్లిగా లోపలికి పెట్టుకోండి," అన్నాడు.

తలుపు చప్పుడు కాకుండా వేశాడు. చిట్టి ముందు తలుపు మీద చెయ్యి వేస్తే, అన్నయ్య ఆపాడు.

"ముందెందుకే? వెనక కూర్చో. నీ చెయ్యి కావాలంటున్నారు."