గెడ్డపాలెం హాల్టులో ఒక్క ప్రయాణికురాలు

రైల్లోని ప్రకటనల ఫలకం తన పేరు చదివే సమయానికి రత్నం ఒక కాలు రైలుపెట్టెలోనూ, ఒక కాలు గెడ్డపాలెం హాల్టు గచ్చు మీదా పెట్టి ఉంది.

"పైడిరత్నం, ఇరవై రెండేళ్లు. ఇంట్లో ఉంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. ప్రయాణం అవసరం లేదు," అంది ఫలకం, వార్తలు చదివే గొంతుతో.

రత్నం అలాగే ఆగిపోయింది. ఇంట్లో ఉందా? మరి ఈ కాలు ఎవరిది? ఆమె తేల్చుకునేలోగా వెనకున్న ఆడవాళ్లు లోపలికి తోశారు. అందరూ ఎక్కేదాకా తలుపులో అడ్డంగా నిలబడ్డ అప్పలనరసమ్మ చివరికి పక్కకు జరిగింది. తలుపు మూసుకుంది.

"ఇంటికాడ సుకంగా తొంగున్నావంట గదే," అంది అప్పలనరసమ్మ, రత్నం పక్కన కూలబడుతూ. "మరి నా పక్కన కూకున్నదెవురే?"

"అదే నాకూ తెలీట్లేదు పిన్నీ."

అందరూ నవ్వారు. పెట్టెలోని ఫలకం మాత్రం ఇంకా పేర్లు చదువుతూనే ఉంది. ఎవరికి ప్రయాణం అవసరమో పేరుపేరునా చదివి, రైళ్ల ప్రణాళిక ప్రకటించే రోజు అది. ఏ ఊరికి ఏ రైలు, ఎక్కడ ఆగాలి, ఆగితే ఆ ఊరికి కలిగే మేలేమిటి, ఇవన్నీ ఒకప్పుడు ఆఫీసర్లు కూర్చుని రాసేవారట. ఇప్పుడు సర్కారువారి మున్నెరుక రాస్తుంది. మున్నెరుక అంటే ముందు జరగబోయేది లెక్కగట్టే యంత్రం. దానికి కళ్లూ చెవులూ అన్నీ దారిపూసలే. చింతపిక్కంత పూస, మెడలో వేసుకోవాలి. మనిషి ఎటు పోతే అటు దారి రాసుకుంటుంది, దాన్ని చూసి రైలు తలుపు తెరుచుకుంటుంది, టిక్కెట్టంటూ లేదు. వైద్యుల కోసమని గుండె కొట్టుకునే తీరు కూడా రాసుకుంటుంది. స్నానానికి తీసి పక్కన పెడితే గుండె ఆగిందేమోనని అంబులెన్సు వచ్చిపడకుండా, చివరి గంటలో విన్న చప్పుడునే ఒక రోజంతా తిరిగి కొడుతూ ఉంటుంది.

పూస చేసినవాళ్లు స్నానాల దాకా ఆలోచించారు. ఉయ్యాలలు వాళ్లకు తట్టలేదు.

నిద్ర లేవగానే తల్లి తన పూస తీసి ఉయ్యాలలో బిడ్డ చెవి దగ్గర కడితే, ఆ నిద్రగుండె చప్పుడు వింటూ బిడ్డ మధ్యాహ్నం దాకా కిక్కురుమనదు. ముందు ఒక తల్లి కనిపెట్టింది. ఏడాది తిరిగేసరికి ఇరవై ముగ్గురు. బిడ్డలను అత్తలకు అప్పగించి పూసలు లేకుండానే రైలెక్కేవారు. పిల్లలు పెద్దవాళ్లయిన అప్పలనరసమ్మ ఒక్కతే పూసతో వస్తుంది. ఆమెకు తెరుచుకున్న తలుపులోంచి అందరూ ఎక్కుతారు. మగవాళ్లు పడవల మీద వేటకు పోతారు, వాళ్లకు రైలుతో పని లేదు.

"గెడ్డపాలెం హాల్టులో రోజూ ఎక్కేది ఒక్క ప్రయాణికురాలు," అని ముగించింది ఫలకం. "వచ్చే కొత్త వేగమార్గంలో ఈ హాల్టు ఉండదు. ఊరికి కలిగే ప్రయోజనం: తల్లులకు ప్రశాంతత."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మండువలస జంక్షను పద్నాలుగు కిలోమీటర్లు. వాళ్లు జీడిపప్పుకు పొట్టు తీసే షెడ్డు అక్కడే ఉంది. రత్నం ఎనిమిదో తరగతితో చదువు మానేసింది కూడా ఆ పద్నాలుగు కిలోమీటర్ల వల్లే. అప్పటికి ఈ హాల్టు లేదు. హాల్టు వచ్చాక షెడ్డులో చేరింది. అక్కడ ఆమెను ఫలానావారి కోడలని కాక రత్నం అని పిలుస్తారు. ఈ హాల్టు పోతే మళ్లీ ఆ నాలుగు గోడలే. దారంతా ఆమెకు ఒకటే దిగులు. ఇంట్లో నెమ్మదిగా గుండె కొట్టుకుంటూ కూర్చున్న ఆ ఇంకో రత్నం ఎవరో గాని, తన బతుకంతా ఆవిడకు రాసిచ్చేసినట్టుంది.

రెండు రోజులకు ప్రణాళికా శాఖ నుంచి సుభాషిణి అనే అధికారిణి తనిఖీకి వచ్చింది. హాల్టు రేకుల కింద ఆడవాళ్లంతా మూగారు.

"రోజూ ఇంతమంది ఎక్కుతున్నారా?"

"ఇరవైనలుగురం మేడమ్," అంది రత్నం.

"మున్నెరుకకు ఒక్కరే కనిపిస్తున్నారు. ఆ ఒక్కరూ రోజూ తలుపు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడిపోతున్నారట. మోకాళ్ల జబ్బు అనుకుని చక్రాల కుర్చీ మంజూరు చేసింది. అప్పలనరసమ్మగారంటే ఎవరు?"

"నానే. పంపండి మేడమ్," అంది అప్పలనరసమ్మ. "మా కోడలు కూకుంటాది. ఆవిడికి నిలబడ్డమే రాదు."

సుభాషిణి నవ్వాపుకుంది. రత్నానికి నవ్వు రాలేదు.

"మీరు మమ్మల్ని సూసేరు గదా మేడమ్. కళ్లారా సూసేరు. అదే రాసీండి."

"నేను చూసింది రాయడానికి అందులో గడి లేదమ్మా. పూస చూసిందే లెక్క." ఆమె గొంతు తగ్గించింది. "ఒక దారుంది. రేపటినుంచి ఏడు రోజులు పూసలు మెళ్లో వేసుకుని ఎక్కండి. ఏడో రోజుకు పదిహేను మందైనా తేలితే హాల్టు నిలుస్తుంది."

"మరి బిడ్డలు?" అంది వెనకనుంచి ఎవరో.

సుభాషిణికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో రత్నానికీ తెలియలేదు.

మొదటి రోజు ఊళ్లోని ఉయ్యాలలన్నీ ఒక్కసారే ఏడ్చాయి. సాయంత్రం బండి దిగి రత్నం పరుగున ఇల్లు చేరేసరికి అత్త గౌరమ్మ పది నెలల మనవరాలు లాస్యను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతోంది. పిల్ల కళ్లు ఉబ్బిపోయాయి. రత్నం నుదురు తడిమింది, వేడి లేదు. మళ్లీ తడిమింది. గబగబా పూస తీసి చెవి దగ్గర పెట్టింది. లాస్య ఒక్క క్షణం విని, పూసను తోసేసి మరింత ఏడ్చింది.

గౌరమ్మ పూస తీసుకుని తన చెవికి ఆనించుకుంది. "ఇదేటే, ఎవురో తరుముతున్నట్టు కొట్టుకుంటంది?"

"నాదే అత్తా. బండి దిగి పరిగెట్టుకొచ్చేను."

రత్నం పిల్లను గుండెకు హత్తుకుంది. పిల్ల రెండు చేతులతో తల్లిని నెట్టింది.

"దానికి నీ తొంగున్న గుండే అలవాటే," అంది గౌరమ్మ. "మేలుకున్నదాన్ని అది ఎరగదు."

ఆ మాట రత్నం బుర్రలో తిరుగుతూనే ఉంది. పొద్దున్నే లేచి పరుగు, బండి అందుతుందో లేదోనని బెంగ, షెడ్డులో పిల్ల తిన్నదో లేదోనని బెంగ, మళ్లీ పరుగు. ఆ బెంగంతా ఈ పిల్ల కోసమే కదా. ఆ బెంగపడే మనిషి ఈ పిల్లకు ఎవరో తెలియదట. తెలిసిందల్లా ఏ దిగులూ లేని ఒక ఆడమనిషి. ఆవిడ నిద్రలో తప్ప ఎక్కడా లేదు. మరి పిల్ల ఏడుస్తున్నది ఎవరి కోసం? తల్లి కోసమా? తల్లి ఇక్కడే ఉంది కదా. ఎంత ఆలోచించినా రత్నానికి కొస దొరకలేదు.

మూడో రోజుకు నలుగురు పూసలు మళ్లీ ఉయ్యాలలకు కట్టేశారు. ఐదో రోజుకు ఇంకో ఐదుగురు. అప్పలనరసమ్మతో కలిపి మిగిలింది సరిగ్గా పదిహేను మంది.

ఆరో రోజు పొద్దున గౌరమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని నిలబడింది. "పూస ఇచ్చీసి ఎల్లవే. నా భుజాలు పడిపోనాయి. పిల్ల పాలు కూడా తాగట్లేదు."

"నానిస్తే పద్నాలుగుమందే అత్తా."

"హాల్టు లేకపోతే ఇంటికాడుంటావు. అదేటి తప్పా?"

తప్పు కాదు. రత్నానికి తెలుసు. చెయ్యి మెడ దాకా పోయింది కూడా. లాస్య ఆ చేతినే చూస్తోంది. పూస ఇచ్చేస్తే పిల్లకు కావలసిన ఆ మనిషి ఇంట్లో ఉంటుంది, తను కూడా ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు పిల్ల ఇద్దరిలో ఎవరి దగ్గరకు పోతుంది? దూరాన బండి కూత వినబడింది. రత్నం చెయ్యి దించేసి వెళ్లిపోయింది. పిల్ల ఏడుపు హాల్టు దాకా వినిపించింది. హాల్టు చేరాక కూడా వినిపిస్తున్నట్టే ఉంది.

ఏడో రోజు సాయంత్రం తిరుగు బండిలో ఫలకం చదివింది. "గెడ్డపాలెం హాల్టు. ప్రయాణికులు పదిహేను మంది. వేగమార్గంలో ఈ హాల్టు కొనసాగుతుంది. ఊరికి కలిగే ప్రయోజనం: తల్లుల రాకపోకలు."

అప్పలనరసమ్మ కొంగుముడి విప్పి అందరికీ బెల్లం ముక్కలు పంచింది. "కుర్చీ రద్దు సేస్తారో ఏటో," అంది విచారంగా. రత్నం కూడా నవ్వింది. వారం తర్వాత వచ్చిన నవ్వు.

ఆరోజు బండి దిగి ఆమె పరుగెత్తలేదు. కావాలనే మెల్లగా నడిచింది. ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని ఊపిరి కుదుటపడేదాకా ఆగింది. పూస తీసి జాకెట్టులో దాచేసుకుని, లోపలికి వెళ్లి చాప మీద ఆడుతున్న లాస్యను ఎత్తుకుంది. గౌరమ్మ పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు కూడా కానివ్వలేదు.

లాస్య మొదట బిగుసుకుంది. తర్వాత తల్లి గుండె మీద చెవి ఆనించింది. అక్కడే ఉంచింది. రత్నం కదలలేదు. హాల్టు నిలబడింది, పిల్ల ఒళ్లో ఉంది, ఇక దేనికీ కంగారు లేదు, లేదు అని లోలోపల చెప్పుకుంటూ ఉంది. పిల్ల రెప్పలు బరువెక్కాయి. ఒకసారి మూసుకున్నాయి.

అంతలో గెడ్డపాలెం హాల్టులో ఎదురు బండి కూత వేసింది. అది ఆమె ఎక్కాల్సిన బండి కాదు. ఆ సంగతి రత్నానికి తెలుసు, గుండెకు తెలియలేదు. ఒక్కసారి ఎగిరిపడి పరుగందుకుంది.

లాస్య తల ఎత్తింది. ఏడవలేదు. తల్లి ముఖంలోకి చూసి, ఆమె గుండెల మీద అరచెయ్యి పెట్టి, లోపలినుంచి తలుపు తడుతున్నదెవరో తెలుసుకోవాలన్నట్టు అలాగే ఉంచింది.