ఒక పేరు, రెండు గడపలు

"అప్పలరాజు లారీ కింద పడ్డాడట తల్లీ... పోయేడంటన్నారు."

కిరాణా కొట్టు సత్తియ్య కాళ్ళకు చెప్పులైనా లేకుండా వాకిట్లో నిలబడి ఆ మాట అనేసరికి తలుపులమ్మ చేతిలోని చేట జారిపోయింది. బియ్యమంతా నేలపాలైంది. ముందు ఆమెకు ఏడుపు రాలేదు. ఒలికిన బియ్యం ఎత్తడానికి కూర్చుంది. రెండు గుప్పిళ్ళు ఎత్తాక గానీ ఆ మాట లోపలికి దిగలేదు... దిగాక ఆమె పెట్టిన కేకకు గవరపాలెం వీధి వీధంతా బయటికొచ్చింది. పొద్దున్నే చద్దన్నం తిని, సైకిలు తుడుచుకుని, నవ్వుతూ వెళ్ళిన మనిషి. బెల్లం యార్డులో ఇన్నేళ్ళుగా పని చేస్తున్నవాడు. అలాంటివాడు లారీ కింద పడడమేమిటి?

ఆ వీధి మామూలు రోజుల్లో కుళాయి దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకునే వీధే. అయితేనేం, ఆ పూట ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పక్కింటి మణి పొయ్యి మీద అన్నం దించేసి పరుగెత్తుకొచ్చి తలుపులమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. నిన్నటిదాకా ఈ ఇంటి గోడ తన స్థలంలోకి జరిగిందని తగువాడిన సన్యాసిరావు తన ఇంటి కుర్చీలన్నీ తెచ్చి వేశాడు. కాలేజీలో ఉన్న కూతురు ధనశ్రీని తీసుకురావడానికి ఒకరు బయలుదేరారు. బాబ్జి తన ఆటో తెచ్చి గుమ్మం ముందే ఆపి, దిగకుండా కూర్చున్నాడు.

అప్పుడొచ్చింది కుమారి.

కుమారి తలుపులమ్మకు తోడికోడలు. వాళ్ళ మామగార్లు ఇద్దరూ అన్నదమ్ములు. తండ్రి పేరు తన కొడుకుకే పెట్టుకుంటానని ఇద్దరూ పంతం పట్టి, ఇద్దరూ పెట్టేశారు. ఇంటి పేరూ ఒకటే, ఒంటి పేరూ ఒకటే! అందుకని వీధిలో తలుపులమ్మ భర్తను అప్పలరాజనీ, కుమారి భర్తను సినరాజనీ పిలుచుకునేవారు. ఇద్దరూ ఆ యార్డులోనే బెల్లం దిమ్మలు మోసి బతికారు. అయితే నాలుగేళ్ళుగా ఈ గడప వాళ్ళు ఆ గడప తొక్కలేదు. ధనశ్రీ పెద్దమనిషైన రోజున కుమారి పసుపు గిన్నె పట్టుకుని ముందుకొస్తే, "పిల్లలు లేనిదానివి, నువ్వాగమ్మా" అని వీధిలోని ముసలి కాసులమ్మ ఆ గిన్నె లాక్కుంది. కుమారి తలుపులమ్మ వైపు చూసింది. తలుపులమ్మ తల దించుకుంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

అలాంటి కుమారి ఇప్పుడు తడి చేతులతోనే వచ్చి తలుపులమ్మను వాటేసుకుంది. "అప్పా... నానున్నాను కదప్పా... మేమందరం లేమా?" అంటూ అక్కకు నీళ్ళు పట్టింది. ఏడ్చి ఏడ్చి తలుపులమ్మ బొట్టు చెరిగిపోయింది. "ఇంకా బొట్టెందుకులే దానికి..." అని కాసులమ్మ గొణిగింది. కుమారి చివాల్న తలెత్తింది.

"మా బావని కళ్ళతో సూసేదాకా మా అప్ప నుదురు బోసిగా ఉండకూడదు" అని, తన నుదుటి మీది కుంకుమ వేలితో తీసి తలుపులమ్మకు దిద్దింది.

సరిగ్గా ఆ సమయానికి సైకిలు బెల్లు మోగింది. వాకిట్లో జనాన్ని చూసి దిగిన మనిషి... అప్పలరాజే! ఒంటి మీద గీత కూడా లేదు.

"ఏటిది? మనింటికాడ ఇంతమందేటి? ఎవులు పోయేరు?"

తలుపులమ్మ లేచి వెళ్ళి అతని చెంపలు, భుజాలు తడిమి చూసుకుంది. సత్తియ్య తడబడుతూ, "యార్డు నుంచి ఫోనొచ్చింది బావా... అప్పలరాజు లారీ కింద..." అన్నాడు.

"నాను పొద్దుట్నుంచీ తుమ్మపాలలో ఉన్నాను. అయినా యార్డులో నన్ను అప్పలరాజని ఎవుడంటాడు? అక్కడ నాను మేస్త్రీని కదా. అక్కడ అప్పలరాజంటే మన..."

అతను ఆగిపోయాడు. వీధంతా ఒక్కసారి కుమారి వైపు తిరిగింది.

కుమారి నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇంతసేపూ తను ఓదార్చింది ఎవరిని? ఏడవాల్సింది ఎవరు? ఆమె కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. కాసులమ్మే గుండెలు బాదుకుంది. "తన బొట్టు తీసి దానికి పెట్టింది... అందుకే ఇలాగయింది. గొడ్రాలి సెయ్యి..."

"నోరు ముయ్యి ముసిల్దానా."

అన్నది తలుపులమ్మ! నాలుగేళ్ళ కిందట గొంతులోనే ఇరుక్కుపోయిన మాట అది. "ఆనాడు నానూరుకున్నాను, తప్పు నాది. ఇంకోసారి నా సెల్లిని ఆ మాటంటే మర్యాద దక్కదు. కుమారీ, పదమ్మా."

సత్తియ్య మళ్ళీ ఫోను చేసి పరుగెత్తుకొచ్చాడు. 'విశాఖ పెద్దాసుపత్రికి పట్టుకుపోయేరు' అన్న మాటలో ముందు సగం లారీ హారన్లలో కొట్టుకుపోయిందట. అతని చెవిన పడింది చివరి 'పోయేరు' ఒక్కటే. సినరాజుకు ఇంకా కొన ఊపిరి ఉందట! తలుపులమ్మ కోసం తెచ్చిన ఆటోలో కుమారి ఎక్కింది. తలుపులమ్మ ఆమెను పొదివి పట్టుకుని పక్కనే కూర్చుంది. మిగతా వీధి బస్సుల్లో బయలుదేరింది. వీధివాళ్ళ తిట్లన్నీ తలొంచుకుని పడుతూ కాసులమ్మ కూడా ఎక్కింది.

ఆసుపత్రి వరండాలో పొద్దు గూకేదాకా కూర్చున్నారు. చివరికి నర్సమ్మ తలుపు తీసి, "అప్పలరాజు మనుషులెవరండీ?" అని అడిగింది. బల్లల మీద, నేల మీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆవిడ బిత్తరపోయింది.

"ఇంతమందా! ప్రాణానికి భయం లేదు. కుడికాలు మాత్రం తీసెయ్యాల్సొచ్చింది. భార్య ఒక్కరే రండి."

కుమారి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే రెండడుగులు వేసి, నుదురు తడుముకుని ఆగిపోయింది.

"ఈ బోసి మొకం ఆడికెలా సూపించనప్పా?"

తలుపులమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. తన నుదుటి మీద వేలు అద్ది, ఆ కుంకుమ కుమారికి దిద్దింది.

"నీ బొట్టు నాకాడే ఉంది కదే... పద, మరిది సూత్తన్నాడు."