సున్నపు బట్టీ దగ్గర ముడి విప్పే చెయ్యి

మినాస్ పట్నం వెళ్ళే మట్టిరోడ్డులో పాత సున్నపు బట్టీ దగ్గర పొద్దుగూకాక ఎవరూ బండి ఆపరు. ప్రాణం మీదికొచ్చినా ఆపరు. బట్టీలో మంట ఆరి అరవై ఏళ్ళయింది. రాతిగోడలు మాత్రం నల్లగా నిలబడి ఉన్నాయి. లోపల నక్కలు కూడా పడుకోవని చెప్తారు.

అక్కడొక చెయ్యి ఉందట. మనిషి లేడు, మొహం లేదు... వట్టి చెయ్యి. సున్నంలో పడి కాలిపోయిన కూలివాడిదని కొందరంటారు. బండి వెనక ఏది కట్టి లాక్కెళ్తున్నా, బట్టీ పక్క పల్లంలోకి దిగేసరికి ఆ చెయ్యి వచ్చి ముడి విప్పుతుంది. గడ్డిమోపులు జారిపడ్డా ఆ చెయ్యే, గుర్రాలని తీసుకెళ్ళే బండి తలుపు ఊడినా ఆ చెయ్యే. ఒకాయన పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతే అదీ దాని పనేనన్నాడు. ఇంత చాకిరీ చేసే చేతికి జీతమన్నా ఇచ్చినవాడు లేడు.

ఆ చేతిని కళ్ళారా చూసినవాడు లోకంలో ఒక్కడే. పేరు దార్దో. నేను విన్నది అతని కథే, విన్నది విన్నట్టు చెప్తున్నాను.

దార్దో జీనులూ కళ్ళేలూ చేసేవాడు. పచ్చితోలు పాయలు పేని మోకులు అల్లేవాడు. వాళ్ళ నాన్నదీ అదే పని. దార్దో వేసిన ముడి ఊడిందంటే అది మానవమాత్రుడి పని కాదని చుట్టుపక్కల అందరి నమ్మకం. ఆ ఊళ్ళో పాత కార్లని కచిలాలంటారు. ఎవరి కచిలాని ఊరేగింపుకి తీసుకెళ్ళాలన్నా ట్రైలరు మీద కట్టేది దార్దోనే. ఒక్కసారి కడతాడు. దారిలో ఆగి బిగువు చూసుకోవడం ఇంటా వంటా లేదు. "రెండోసారి చూసుకునేవాడు మొదటిసారి సరిగ్గా కట్టనట్టే" అనేవాడు.

పన్నెండేళ్ళ కిందట అలాగే ఒక కచిలాని కట్టాడు. ట్రక్కు నడిపింది అతని బామ్మర్ది ఏబెర్, పక్కన కూర్చున్నది దార్దో. పల్లం దాటి ఎదుటి మిట్ట ఎక్కుతుండగా ట్రైలరు మీంచి కారు వెనక్కి జారింది. ఏబెర్ ట్రక్కు ఆపి, దూకి, కారుని ఆపబోయాడు. చక్రానికీ రాయికీ మధ్య ఎడమచెయ్యి పడింది. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. ఆ చేత్తోనే ఏబెర్ గిటారు మెట్లు పట్టేవాడు... చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో అతని గిటారు మోగకపోతే పెళ్ళి జరిగినట్టే ఉండేది కాదు.

ముడి ఎలా ఊడిందని అందరూ అడిగారు. "ఒక చెయ్యి... వచ్చి విప్పింది. అద్దంలో చూశాను" అన్నాడు దార్దో.

అంతే. ఆ చెయ్యి ఆ రాత్రి పుట్టింది.

అందరికంటే గట్టిగా నమ్మింది ఏబెర్. కుర్రతనంలో ఆ బట్టీలోకి వెళ్ళి తాగి, చచ్చినవాణ్ణి వెక్కిరిస్తూ పాట కట్టాడట. ఆ పాపమే కొట్టిందనుకున్నాడు. ఏటా నవంబరులో, చనిపోయినవాళ్ళ రోజున, బట్టీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగించి, క్షమించమని వేడుకునేవాడు. గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా టోపీ అడ్డుపెట్టింది ఎవరనుకున్నారు? దార్దోనే. పన్నెండేళ్ళూ అలా టోపీ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ నిలబడ్డంలో అతని మెడ కొంచెం కొంచెంగా వంగిపోయింది.

ఎందుకంటే, అద్దంలో అతను ఏ చేతినీ చూడలేదు. పచ్చితోలు తడిస్తే సాగుతుంది. ఎంత కొవ్వు పట్టించినా సాగుతుంది. ఎద్దుని కడితే బెత్తెడు సాగినా నష్టం లేదు. పన్నెండువందల కిలోల ఇనుముకి బెత్తెడు చాలు. ఆ పల్లంలో రాత్రిళ్ళు పొగమంచు నీళ్ళలా నిలబడుతుంది. మధ్యలో ఒక్కసారి ఆగి బిగించి ఉంటే ఏబెర్‌కి అయిదు వేళ్ళూ ఉండేవి. ఈ ముక్క నోటిదాకా రాని రోజు లేదు... నోరు దాటిన రోజూ లేదు.

ఈ అక్టోబరులో సంగతి. ఆ ఉన్న ఏడు వేళ్ళతోనే ఏబెర్ ఒక కచిలాని తయారుచేశాడు. ముప్పై ఒకటో సంవత్సరం నాటిది. కోళ్ళ దొడ్లో పడి ఉన్న డొక్కుని తెచ్చి, బోల్టు బోల్టూ బిగించి, ముదురాకుపచ్చ రంగు వేశాడు. మర్నాడు మినాస్‌లో ఊరేగింపు. ట్రైలరు మీదికి ఎక్కించి, బరువు ఇంజను వైపు కాస్త ముందుకి ఉండేలా నిలబెట్టి, చక్రాల కింద కొయ్య దిమ్మలు పెట్టారు. దార్దో ట్రక్కు సీటు కిందినుంచి ఒక సంచి తీశాడు. నైలాను పట్టీలు. లివరు లాగి బిగించేవి.

పక్కింటి సుల్మా కంచె మీద మోచేతులు పెట్టుకుని చూస్తోంది. ఆవిడ నోటికి భయపడి పోస్టుమాన్ వేరే వీధిలోంచి వెళ్తాడు.

"ఏంటీ, దార్దో కొట్టు సరుక్కి దిగాడా? మీ నాన్న సమాధిలో బోర్లా తిరుగుతాడు సుమా" అంది.

ఏబెర్ నవ్వి సంచి తీసుకుని మళ్ళీ సీటు కింద పెట్టేశాడు. "వద్దు బావా. నీ మోకే కట్టు. ఆ రాత్రి తప్పు నీ ముడిది కాదు, నాది. ఈసారి ముందే చెప్పుకున్నాను ఆ చచ్చినాయనకి. ఏం చెయ్యడు."

దార్దోకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇప్పుడు చెప్పెయ్యాలి. సుల్మా చూస్తోంది. ఏబెర్ నవ్వుతున్నాడు... మోకులు తీసి, ముందు ఇరుసుకి రెండు, వెనక ఇరుసుకి రెండు, అడ్డదిడ్డంగా లాగి కట్టాడు. కడుతున్నంతసేపూ ఒకటే లెక్క వేసుకున్నాడు. యూకలిప్టస్ తోట దగ్గర ఆపుతాను. పల్లం రాకముందే. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పి, పట్టీలు వేస్తాను.

బయలుదేరేసరికి చీకటి పడింది. ఈసారి ట్రక్కు నడుపుతున్నది దార్దో.

తోట వచ్చింది. ఏబెర్ పక్కన కూర్చుని మాటే అనే ఆకు కషాయాన్ని గొట్టంతో పీలుస్తూ, ఊరేగింపులో హారను ఎక్కడ కొట్టాలో చెప్తున్నాడు. చిన్నపిల్లాడిలా చెప్తున్నాడు. ఆ మాటల మధ్యలో ఎలా ఆపడం? ఇంకో వంద గజాలు పోనీ అనుకున్నాడు దార్దో. వంద గజాలూ అయ్యాయి. ఇంకో వంద...

రోడ్డు దిగడం మొదలైంది.

పొగమంచు ముందు లైట్ల దగ్గర పల్చగా ఉంది. తరవాత చిక్కబడింది. తరవాత రోడ్డే లేదు. ఏబెర్ మాట ఆగిపోయింది. ఎడమ పక్క నల్లగా... బట్టీ.

టక్.

ఏబెర్ వెనక్కి తిరిగి చూశాడు.

టక్... టక్...

వెనకనుంచే. కొయ్య దిమ్మ మీద చక్రం కదిలిన చప్పుడు. దార్దో మిట్ట రాకముందే, మెల్లగా, బ్రేకు మీద కాలు ఆనించి ట్రక్కు ఆపాడు.

"వచ్చింది" అన్నాడు ఏబెర్ గొంతు తగ్గించి.

"నువ్వు దిగకు. నేను చూస్తాను."

టార్చి పట్టుకుని దిగాడు. బురద, చలి, మంచు. తన చెయ్యి తనకే మసగ్గా కనబడుతోంది. ట్రైలరు వారగా తడుముకుంటూ నడిచాడు. ముందు ముడి — ఉంది. ఇంకో నాలుగడుగులు. వెనక ముడి మీదికి టార్చి వేశాడు.

ముడి మీద చెయ్యి ఉంది.

తెల్లగా ఉంది. మనిషి లేడు, మొహం లేదు. మంచులోంచి చెయ్యొక్కటే వచ్చి... రెండే వేళ్ళతో... మోకుని నొక్కి నొక్కి చూస్తోంది.

ఆ క్షణం దార్దో తన అబద్ధాన్ని తనే నమ్మాడు. నమ్మి, దేవుడా నిజంగానే ఉంది, అయితే నాది తప్పు కాదు అనుకున్నాడు. ఆ భయంలోనూ ఎంత సంతోషమేసిందంటే, తరవాత తలుచుకుని అందుకే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

"తడిగా ఉంది బావా" అంది చెయ్యి.

ఏబెర్. అటుపక్క తలుపు తీసుకుని దిగి, ట్రైలరు ఆ వైపునుంచి వంగి చూస్తున్నాడు.

"ముడి ముడిలాగే ఉంది. ఎవరూ విప్పలేదు. మోకే సాగింది. చూడు... ఉడకబెట్టినట్టు మెత్తగా..." అంటూ ఆగిపోయాడు.

మోకుల మీంచి చుక్కలు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ రాత్రీ ఇలాగే ఉందా?"

లేదు అనొచ్చు. చీకట్లో మొహం కూడా కనబడదు. పన్నెండేళ్ళుగా అన్నమాటే ఇంకోసారి అంటే సరిపోతుంది.

"ఉంది" అన్నాడు దార్దో.

"నువ్వు చూశావా?"

"చేత్తో పట్టుకుని చూశాను."

"ఎప్పుడు?"

దార్దో టార్చి ఆర్పేశాడు. వెలుతురులో ఆ మాట రాదు.

"నీ చెయ్యి చక్రం కింద ఉన్నప్పుడు. నువ్వు అరుస్తున్నావు, బావా బావా అని. నేను... ముందుగా మోకు దగ్గరికి వెళ్ళాను. తడిసి ఉంది. నలుగురూ వచ్చి చూస్తే నా పరువు పోతుందని... కోసి, పొదల్లోకి విసిరేశాను. ఆ తరవాత నీ దగ్గరికి వచ్చాను."

"ముందు మోకు" అన్నాడు ఏబెర్.

"ముందు మోకు."

"తరవాత నేను."

దార్దో ఏడుస్తున్నాడు. ఏబెర్ ఏడవలేదు. బట్టీ వైపు తిరిగాడు.

"ఏటా ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నాను" అన్నాడు. "టోపీ అడ్డుపెట్టావు నువ్వు. ఎవర్ని క్షమించమని అడిగాను బావా నేను?"

"సీటు కింద పట్టీలున్నాయి" అన్నాడు దార్దో.

"అంటే ఇవాళ కూడా తెలిసే కట్టావు."

"తెలిసే కట్టాను."

ఏబెర్ సంచి తెచ్చుకున్నాడు. దార్దో సాయం చెయ్యబోతే, "ముట్టుకోకు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాలుగు పట్టీలూ తనే ఇరుసులకి వేసి, చంకలో టార్చి ఇరికించుకుని, లివరు లాగి లాగి బిగించాడు. కారుని భుజంతో తోసి చూశాడు. కదల్లేదు. మోకులు నాలుగూ విప్పి దార్దో మెడలో వేశాడు. ట్రక్కు తాళంచెవి తీసుకున్నాడు.

ట్రక్కు మిట్ట ఎక్కి వెళ్ళిపోయింది. ఎర్రదీపాలు కాసేపు కనిపించి, అవీ పోయాయి. దార్దో అక్కడే నిలబడ్డాడు. అతనికి దెయ్యం భయం వెయ్యలేదు. ఎవరైనా వస్తారేమోనని, తన మొహం చూస్తారేమోనని భయమేసింది.

వచ్చారు కూడా. పాలలారీ.

మర్నాడు పెట్రోలు బంకు పక్క హోటల్లో ఆ లారీ డ్రైవరు చెప్తుంటే జనం చుట్టూ మూగారు. ఇన్నాళ్ళూ చెయ్యే అన్నారు గానీ మనిషంతా ఉందట. మంచులో నిలబడి ఉందట. మెడలో ఉరితాళ్ళు వేలాడుతున్నాయట. లైటు పడగానే రెండు చేతులతో మొహం కప్పేసుకుందట.

"చేతులు చూశావా?" అంది సుల్మా. ఆవిడ కూడా ఈసారి వెక్కిరించలేదు.

"చూశాను. పెద్ద చేతులు. తోలు పని చేసేవాడి చేతుల్లా ఉన్నాయి."

మూల బల్ల దగ్గర దార్దో ఉన్నాడు. రాత్రంతా నడిచి తెల్లారేసరికి అక్కడికి చేరి, ముందు పెట్టిన కాఫీ తాగకుండా కూర్చున్నాడు. మెల్లగా లేచి వచ్చి, రెండు చేతులూ బల్ల మీద, అందరికీ కనబడేలా బార్లా పెట్టాడు.

"ఇవే" అన్నాడు. "ఏబెర్ వేళ్ళు పోయిన రాత్రి ఇవి ముందు ఏం చేశాయో చెప్తాను. కూర్చోండి."